స్విఫ్ట్ 1.2 పెట్రోల్‌కి పవర్ పెంచాలి, దేవరకొండ రోడ్డు మీద ఓవర్‌టేక్ అంటే టెన్షన్ అయిపోతోంది

పానగల్లు స్విఫ్ట్ | నల్గొండ

అందరికీ నమస్తే. నాది 2018 స్విఫ్ట్ వీఎక్స్‌ఐ, పెట్రోల్, మాన్యువల్. సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను, మీటర్ లక్షకు దగ్గరపడింది. రోజూ నల్గొండ నుంచి దేవరకొండకు డ్యూటీ. ఒక్కణ్నే ఉంటే ఎట్లనో నడిచిపోతుంది. ఇంటిల్లిపాదీ ఎక్కి, ఏసీ వేసి, ముందు వడ్ల లారీ ఒకటి తగిలిందంటే నా తిప్పలు చూడాలి. రోడ్డు ఖాళీ అయిందని తొక్కితే ఇంజిన్ మూలుగుతుంది తప్ప బండి లేవదు. సగం దాకా పోయి మళ్లీ లారీ వెనకకే వస్తున్నా. మా ఆవిడ డోరు మీది హ్యాండిల్ పట్టుకుంటే ఊరొచ్చేదాకా వదలదు.

హైదరాబాద్‌లో ఒక షాపువాళ్లు ప్యాకేజీ చెప్పారు. రీమ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చడం), ఫ్రీ ఫ్లో ఎగ్జాస్ట్ (పొగ తేలిగ్గా బయటికి పోయే సైలెన్సర్), ఓపెన్ ఎయిర్ ఫిల్టర్ (డబ్బా లేని ఫిల్టర్), మూడూ కలిపి 45 వేలు. పాతిక హార్స్‌పవర్ గ్యారెంటీగా పెరుగుతుందట. చేయించొచ్చా? చేయించినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

కొత్తకోట కుర్రోడు | వనపర్తి జిల్లా

కళ్లు మూసుకుని చేయించు అన్నా. నా ఐ20కి ఎగ్జాస్ట్ వేయించిన. స్టార్ట్ చేస్తే గల్లీ మొత్తం లేస్తది. పికప్ కూడా మస్తు మారింది.

స్పానర్ మామ | సూర్యాపేట

గల్లీ లేవడం వేరు, బండి లేవడం వేరు తమ్మీ.

పానగల్లు సార్, డబ్బులు ఎవరికీ ఇవ్వకండి. ముందు నేను అడిగేవాటికి జవాబు చెప్పండి. ఎయిర్ ఫిల్టర్ ఎప్పుడు మార్చారు? ప్లగ్గులు కంపెనీవి ఉన్నాయా, మారినవా? టైర్ల మీద సైజు ఏం రాసి ఉంది? అరగంట నడిపి ఆపాక నాలుగు చక్రాల దగ్గరా చేయి పెట్టి చూడండి, ఏదైనా ఒకటి మిగతావాటికన్నా వేడిగా ఉందా? జాగ్రత్త, రిమ్ముకు తాకించకండి, దగ్గర పెడితే చాలు, తెలుస్తుంది. నాలుగో గేర్లో 50 మీద ఉండి ఒక్కసారిగా పూర్తిగా తొక్కితే ఆర్‌పీఎమ్ సూది (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు చూపేది) ఎగిరి, స్పీడు మాత్రం ఎక్కకుండా ఉంటోందా?

పవర్ పెంచాలని నా షెడ్డుకు వచ్చే బండ్లలో ఎక్కువ శాతానికి కంపెనీ ఇచ్చిన పవరే పూర్తిగా రావడం లేదు. ఉన్నది ఎక్కడ పోతోందో చూడకుండా కొత్తది కొనడం ఎందుకు?

పాలమూరు పిస్టన్ | మహబూబ్‌నగర్

స్పానర్ మామ చెప్పినవి ముందు చూడండి. ఈలోపు ఆ పాతిక హార్స్‌పవర్ సంగతి నేను చెప్తాను.

మీ ఇంజిన్‌కు టర్బో (గాలిని ఒత్తి లోపలికి తోసే ఫ్యాన్) లేదు. ఒక స్ట్రోక్‌లో సిలిండర్‌లోకి ఎంత గాలి పోతుందనేది దాదాపు ఖాయం. గాలి పెరగకుండా పెట్రోల్ పెంచితే పొగే వస్తుంది. కాబట్టి రీమ్యాప్ చేసేవాళ్లు మార్చగలిగేవి ఇగ్నిషన్ టైమింగ్ (ప్లగ్గు రవ్వ వేసే సమయం), గాలి-పెట్రోల్ మిశ్రమం, యాక్సిలరేటర్ స్పందన, అంతే. దాంతో నాలుగైదు పీఎస్ (దాదాపు హార్స్‌పవర్ అంతే) వస్తే గొప్ప, అది కూడా 5,500 ఆర్‌పీఎమ్ పైన. పాతిక రావాలంటే క్యామ్, కంప్రెషన్ మార్చాలి, లేకపోతే టర్బో పెట్టాలి. అప్పుడది రోజూ డ్యూటీకి పోయే బండి కాదు.

ఇంకో లెక్క చూడండి. టార్క్‌ని (ఇంజిన్ తిప్పే బలం, న్యూటన్ మీటర్లలో) ఆర్‌పీఎమ్‌తో గుణించి 7,024తో భాగిస్తే ఆ క్షణంలో ఇంజిన్ ఇచ్చే పవర్ పీఎస్‌లో వస్తుంది. మీ బండికి కంపెనీ చెప్పింది 6,000 దగ్గర 83 పీఎస్, 4,200 దగ్గర 113 న్యూటన్ మీటర్ల టార్క్. ఐదో గేర్లో 70 మీద లారీ వెనక పోతుంటే సూది 2,000 చుట్టూ ఉంటుంది. అక్కడ టార్క్ 95 వస్తోందనుకుందాం. గుణించి భాగిస్తే 27 పీఎస్. అంటే కొన్నది 83 గుర్రాలను, లారీని దాటడానికి కట్టింది 27 గుర్రాలను.

అదే 70 దగ్గర మూడో గేరుకు దించండి. సూది 3,400 దగ్గరికి పోతుంది, టార్క్ కూడా పెరుగుతుంది, పవర్ 50 దాటుతుంది. ఒక్క గేరు రాడ్ కదిపితే దాదాపు రెట్టింపు. ఐదో గేర్లోనే ఉండి 45 వేల ప్యాకేజీతో అక్కడ వచ్చేది ఒకటి రెండు పీఎస్. మీరు ఏ గేర్లో దాటుతున్నారు?

డీజిల్ రాజ్యం | మిర్యాలగూడ

పాలమూరు సార్ లెక్క పెట్రోల్‌కి కరెక్టే. కానీ రీమ్యాప్ అంటేనే మోసం అన్నట్టు మాట్లాడకండి. నాది పాత స్విఫ్ట్ డీడీఐఎస్, 1,248 సీసీ, అదీ నాలుగు సిలిండర్ల బండే. కంపెనీ లెక్క 75 పీఎస్, 2,000 దగ్గర 190 న్యూటన్ మీటర్లు. మీ ఫార్ములాలోనే వేసి చూడండి, 2,000 దగ్గరే 54 పీఎస్. అందుకే డీజిల్ బండ్లవాళ్లు గేరు మార్చకుండానే దాటేస్తారు. టర్బో ఉంది కాబట్టి బూస్ట్ (అది తోసే గాలి ఒత్తిడి) పెంచొచ్చు, దానికి తగ్గట్టు డీజిల్ పెంచొచ్చు. నేను రీమ్యాప్ చేయించాక 2,000 నుంచి 3,500 మధ్యలో బండి మొత్తం మారిపోయింది. నార్కట్‌పల్లి దాకా నాలుగు లేన్ల రోడ్డు మీద ఐదో గేరులోంచి తీయను.

పాలమూరు పిస్టన్ | మహబూబ్‌నగర్

టర్బో డీజిల్‌కి 20 శాతం దాకా రావడం మామూలే, కాదనను. క్లచ్ ఎట్లా ఉంది మరి?

డీజిల్ రాజ్యం | మిర్యాలగూడ

అడుగుతారని తెలుసు సార్. క్లచ్ మార్చాల్సి వచ్చింది. పెరిగిన టార్క్‌కి పాత ప్లేట్ జారడం మొదలుపెట్టింది, మూడో గేర్లో తొక్కితే సూది పైకి, బండి అక్కడే. క్లచ్ సెట్టు, లేబర్ కలిపితే రీమ్యాప్‌కి అయినంత మళ్లీ అయింది. అయినా నాకు బాధ లేదు. చేయించేవాళ్లు ఆ ఖర్చు కూడా ముందే పక్కన పెట్టుకోవాలి. ఇంకోటి, డైనో (బండి పవర్ కొలిచే మిషన్) మీద పెట్టి ముందు ఎంత, తర్వాత ఎంత అని అదే రోజు, అదే మిషన్ మీద చూపించమని అడగండి. చూపించను అన్నాడంటే లేచి వచ్చేయండి.

పానగల్లు స్విఫ్ట్ | నల్గొండ

ఇంతమంది ఇంత ఓపికగా చెప్తారనుకోలేదు, థాంక్స్.

గేరు సంగతి: నాలుగులో దాటుతాను, ఒక్కోసారి ఐదులోనే. మూడుకు దించితే ఇంజిన్ అరుస్తుంది, పాడవుతుందేమో అని భయం. క్లచ్ జారడం లేదు. ఎయిర్ ఫిల్టర్ నేను కొన్నాక మార్చలేదు. వెనక ఎడమ చక్రం వేడిగా ఉంది, చేయి దగ్గర పెట్టలేకపోయాను. టైర్ల మీద 205/55 ఆర్16 అని ఉంది. అల్లాయ్స్ ముందు ఓనర్ వేయించినవే, చూడటానికి బాగుంటాయి.

స్పానర్ మామ | సూర్యాపేట

దొరికింది దొంగ. ఒకడు కాదు, ముగ్గురు.

మీ వీఎక్స్‌ఐకి కంపెనీ సైజు 165/80 ఆర్14. ఇప్పుడున్న 16 అంగుళాల అల్లాయ్, 205 టైరు కలిపి తూకం వేస్తే ఒక్కో చక్రం నాలుగైదు కిలోలు ఎక్కువ తూగుతుంది. మామూలు బరువైతే ఏదో అనుకోవచ్చు, ఇది తిరిగే బరువు. స్పీడు ఎక్కిన ప్రతిసారీ ఇంజిన్ దాన్ని కూడా తిప్పాలి. పైగా చక్రం ఎత్తు 620 మిల్లీమీటర్ల నుంచి 632కి పెరిగింది. అంటే ప్రతి గేరూ రెండు శాతం పొడుగైనట్టే. వెడల్పు టైరు రోడ్డును ఎక్కువ పట్టుకుంటుంది, బ్రేకుకు మంచిదే, పికప్‌కి కాదు.

వెనక ఎడమ చక్రం బ్రేకు పట్టేసి ఉంది. డ్రమ్ము విప్పి చూడాలి. హ్యాండ్‌బ్రేక్ కేబుల్ తుప్పు పట్టి వెనక్కి రాకపోవడం, షూ అడ్జస్టర్ బిగిసిపోవడం, ఈ రెండింట్లో ఒకటై ఉంటుంది. జాకీ మీద లేపి చేత్తో తిప్పితే తెలిసిపోతుంది, మంచి చక్రం రెండు మూడు చుట్లు తిరగాలి. దీన్ని మాత్రం ఈ వారం లోపలే చూపించండి, పవర్ కోసం కాదు, ఘాట్ దిగేటప్పుడు బ్రేకు కోసం.

ఎయిర్ ఫిల్టర్ సంగతి. కోతల టైములో మన రోడ్ల మీద ధాన్యం ఆరబోస్తారు, లారీలు వడ్ల దుమ్ము ఎగరేసుకుంటూ పోతాయి. పుస్తకంలో రాసిన కిలోమీటర్ల దాకా ఆగితే ఇక్కడ కుదరదు. బయటికి తీసి ఎండకు పట్టండి, మడతల్లోంచి వెలుతురు కనబడకపోతే పారేయండి. గాలి కొట్టి మళ్లీ పెట్టొద్దు, కాగితం చిరిగితే దుమ్ము నేరుగా సిలిండర్లోకి పోతుంది. అదే చేత్తో థ్రాటిల్ బాడీ కూడా శుభ్రం చేయించండి. చేయించాక ఐడిల్ (బండి ఆగి ఉన్నప్పుడు ఇంజిన్ తిరిగే వేగం) సెట్ అయ్యేదాకా స్కానర్‌తో రీసెట్ చేయాల్సి రావొచ్చు.

నాలుగో గేర్ | జడ్చర్ల

మూడో గేర్లో ఇంజిన్ పాడవుతుందన్న భయం ముందు వదిలేయండి అన్నా. నాది సిటీ 1.5 ఐ-వీటెక్, ఆ ఇంజిన్ 4,000 దాటాకే అసలు మేల్కొంటుంది. ఎర్ర గీత దాటనంత వరకు, ఆయిల్ సరిగ్గా ఉన్నంత వరకు, అప్పుడప్పుడు 5,000 దాకా తిప్పితే దానికి ఏమీ కాదు. 1,500 దగ్గర ఐదో గేర్లో పెట్టి బలంగా తొక్కడమే ఇంజిన్‌కి ఇబ్బంది. మీ బండి మూడో గేర్లో 100 దాటేదాకా లాగుతుంది, ఒక లారీని దాటడానికి అంతకన్నా ఏం కావాలి?

ఇంకొకటి. లారీకి అంటుకుని పోకండి. కొంచెం దూరం పెట్టి, ముందే మూడుకు దించి, ఎదురు రోడ్డు కనబడగానే వెనకనుంచే స్పీడు అందుకుని పక్కకు రండి. లారీ పక్కకు వచ్చాక తొక్కడం మొదలుపెడితే ఎంత పవర్ ఉన్నా చాలదు.

పానగల్లు స్విఫ్ట్ | నల్గొండ

సరే అన్నా. శ్రీశైలం పోయేటప్పుడు మన్ననూర్ ఘాట్‌లో కూడా ఇదే బాధ. ఐదుగురం, సామాను, ఏసీ. డిండి దాటినంక హాజీపూర్ దాకా బానే ఉంటుంది, ఘాట్ మొదలుకాగానే ఊపిరి ఆగినట్టు అయిపోతుంది.

పాలమూరు పిస్టన్ | మహబూబ్‌నగర్

బరువు లెక్క వేద్దాం. ఖాళీ బండి 870 కిలోల చుట్టూ. మీరొక్కరే ఉంటే 940. టన్నుకు 88 పీఎస్. ఐదుగురు, సామాను కలిపి 400 కిలోలు ఎక్కితే 1,270, టన్నుకు 65 పీఎస్. మీరొక్కరే ఉన్నప్పటి హుషారు ఐదుగురితో కూడా కావాలంటే ఇంజిన్ 112 పీఎస్ ఇవ్వాలి. ఏ ప్యాకేజీ అయినా దీన్ని పూడ్చలేదు.

దాని మీద ఎండ. 25 డిగ్రీల గాలితో పోలిస్తే 45 డిగ్రీల గాలి చిక్కదనం 6 శాతం తక్కువ. నల్గొండ ఎండ గురించి మీకు నేను చెప్పేదేముంది. బానెట్ లోపల గాలి 65 డిగ్రీలకు పోతే 12 శాతం తక్కువ. మీ షాపువాళ్లు చెప్పిన ఓపెన్ ఫిల్టర్ పీల్చేది సరిగ్గా ఆ గాలినే. కంపెనీ డబ్బా ముందు గ్రిల్ దగ్గరి నుంచి గాలి తీసుకునేలా పైపు పెట్టింది ఊరికే కాదు. అది తీసి ఓపెన్ ఫిల్టర్ పెడితే బుస్సుమని సౌండ్ వస్తుంది, వేసవిలో పవర్ తగ్గుతుంది. గాలి మరీ వేడెక్కితే ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) ఇగ్నిషన్ టైమింగ్ కూడా వెనక్కి తీస్తుంది, అది వేరే నష్టం.

ఏసీ కంప్రెసర్ మూడు నాలుగు హార్స్‌పవర్ తింటుంది. చాలా బండ్లలో పూర్తిగా తొక్కితే ఈసీయూ కొన్ని సెకన్లు ఏసీని కట్ చేస్తుంది. చేయకపోతే దాటే ముందు మీరే ఆపండి. ఘాట్‌లో రెండో గేరు, మలుపుకు ముందే. దిగేటప్పుడు కూడా అదే గేరు, బ్రేకు మీద కాలు పెట్టుకుని దిగొద్దు. అమ్రాబాద్ అడవిలో స్పీడు లిమిట్ ఎలాగూ ఉంది, అక్కడ పవర్ కన్నా ఓపిక పనికొస్తుంది. జింకలు అడ్డం వస్తాయి.

వెయ్యి రూపాయల లోపు బ్లూటూత్ ఓబీడీ స్కానర్ (బండి కంప్యూటర్‌లోని అంకెలు చదివేది) దొరుకుతుంది, ఒకటి తీసుకోండి. ఫోన్‌లో యాప్ పెట్టుకుని రెండు అంకెలు చూడండి. ఒకటి ఇన్‌టేక్ గాలి వేడి, టోల్ గేటు దగ్గర ఆగి ఉన్నప్పుడు అది ఎట్లా ఎక్కుతుందో చూస్తే ఆశ్చర్యపోతారు. రెండోది మ్యానిఫోల్డ్ ప్రెషర్, అంటే సిలిండర్లకు పోయే పైపులో గాలి ఒత్తిడి. ఖాళీ రోడ్డు మీద, పక్కన కూర్చున్నవాళ్లు చూస్తుండగా, మూడో గేర్లో పూర్తిగా తొక్కండి. మన ఎత్తులో అది 95 కిలోపాస్కల్స్ దరిదాపుల్లోకి రావాలి. 85 దగ్గరే ఆగిపోతే గాలి దారిలో ఎక్కడో అడ్డం ఉన్నట్టు.

కొత్తకోట కుర్రోడు | వనపర్తి జిల్లా

ఓబీడీలో పెట్టే చిన్న చిప్ ఆన్‌లైన్‌లో 400కే వస్తుంది కదా సార్, పవర్ 30 శాతం పెరుగుతదని రాసి ఉంది?

స్పానర్ మామ | సూర్యాపేట

ఒకటి విప్పి చూశాను తమ్మీ. లోపల రెండు లైట్లు, వాటిని మిణుకు మిణుకు మనిపించే చిన్న బోర్డు. ఈసీయూతో మాట్లాడే వైరే లేదు.

డీజిల్ రాజ్యం | మిర్యాలగూడ

ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్) వచ్చినప్పటి నుంచే పెట్రోల్ బండ్లకు పికప్ పోయిందంటున్నారు కదా, దాని మాటేంటి? మా పక్కింటాయన 100 ఆక్టేన్ కొట్టిస్తే సరిపోతుందంటాడు.

పాలమూరు పిస్టన్ | మహబూబ్‌నగర్

పికప్ కన్నా మైలేజీ మీద ఎక్కువ ప్రభావం. లీటరు ఇథనాల్‌లో శక్తి లీటరు పెట్రోల్ కన్నా మూడో వంతు తక్కువ. ఈ10 నుంచి ఈ20కి పోతే లీటరుకు మూడు శాతం పైచిలుకు శక్తి తగ్గుతుంది. ఆ లోటును ఈసీయూ కొంచెం ఎక్కువ ఇంధనం పోసి సరిచేస్తుంది కాబట్టి పవర్ పెద్దగా మారదు. 2018 బండి ఈ20 కోసం తయారైంది కాదు, రబ్బరు పైపులు, ఫ్యూయల్ ఫిల్టర్ మీద కన్నేసి ఉంచాలి.

100 ఆక్టేన్ అంటే ఎక్కువ శక్తి అని కాదు, నాకింగ్‌ను (పెట్రోల్ సమయానికి ముందే తనంతట అంటుకుని ఇంజిన్ టకటకలాడటం) ఎక్కువగా తట్టుకుంటుందని. నాకింగ్ లేని ఇంజిన్‌లో పోస్తే బంకువాడికి లాభం.

పాలసీ పేపర్ | నల్గొండ

నేను ఇన్సూరెన్స్ సర్వే పనిలో ఉన్నాను, ఎవరూ ఎత్తని విషయం ఒకటి చెప్తాను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన అసలు స్పెసిఫికేషన్‌కు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. ఆ ఏడాది సవరణలో వచ్చిన 182ఏ సెక్షన్ ప్రకారం ఓనర్‌కు ఒక్కో మార్పుకు 5,000 జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. సౌండ్ ఎగ్జాస్ట్ వేరే, శబ్ద, వాయు కాలుష్యం కింద 190(2) సెక్షన్, 10,000 దాకా జరిమానా. సీఎన్‌జీ కిట్ లాంటివి ఆర్సీలో ఎక్కించుకుంటే ఇబ్బంది లేదు.

జరిమానా కట్టి బయటపడొచ్చు. రీమ్యాప్ చేసిన బండి యాక్సిడెంట్ అయ్యి, ఆ మార్పు కంపెనీకి చెప్పి లేకపోతే క్లెయిమ్ దగ్గర పేచీ పడే వీలుంది. సాఫ్ట్‌వేర్ ఎవరికి కనబడుతుందిలే అనుకుంటారు. పెద్ద నష్టం అయినప్పుడు ఎక్కడెక్కడో చూస్తారు.

డీజిల్ రాజ్యం | మిర్యాలగూడ

సార్ భయపెట్టేశారు. రేపే ఏజెంట్‌కి ఫోన్ చేస్తా.

పానగల్లు స్విఫ్ట్ | నల్గొండ

ఆలస్యంగా రాస్తున్నా, ఏమనుకోకండి. చేయించినవి ఇవీ.

వెనక ఎడమ డ్రమ్ము విప్పితే స్పానర్ మామ చెప్పినట్టే హ్యాండ్‌బ్రేక్ కేబుల్ పట్టేసి ఉంది. షూ నల్లగా, అద్దంలా మెరుస్తోంది. కేబుల్, రెండు వైపులా షూలు మార్చారు. ఎయిర్ ఫిల్టర్ తీసి దులిపితే మెకానిక్ బల్ల మీద వడ్ల పొట్టు కుప్ప పడింది, ఒక ఎండిన తేనెటీగ కూడా. ప్లగ్గులు నాలుగూ మార్చాం, ఒకదాని గ్యాప్ మిగతావాటి కన్నా బాగా పెరిగిపోయి ఉంది. థ్రాటిల్ బాడీ శుభ్రం చేశారు. నల్గొండలోనే ఒకాయన దగ్గర 14 అంగుళాల కంపెనీ స్టీల్ రిమ్ములు దొరికాయి, వాటికి కొత్త 165/80 టైర్లు. టైర్లతో సహా ప్యాకేజీ డబ్బులో సగానికి కాస్త పైన అయింది.

ఫిల్టర్ మార్చక ముందు మూడో గేర్లో పూర్తిగా తొక్కితే మ్యానిఫోల్డ్ ప్రెషర్ 88, మార్చాక 95. పాలమూరు సార్ చెప్పిన అంకె అచ్చంగా వచ్చింది. మొన్న అందరం ఎక్కి, ఏసీ వేసి, కొండమల్లేపల్లి దాకా పోయాం. లారీకి దూరం పెట్టి, మూడుకు దించి, ఏసీ ఆపి తొక్కితే దాటేశాను. ఇంకా గుండె కొంచెం కొట్టుకుంటుంది, అది వేరే సంగతి. మా ఆవిడ హ్యాండిల్ పట్టుకుంది, కానీ లారీ దాటాక వదిలింది.

నాలుగో గేర్ | జడ్చర్ల

సూపర్ అన్నా. ఐదుగురితో పోయేటప్పుడు టైర్ల గాలి డోరు దగ్గరి స్టిక్కర్ మీద ఫుల్ లోడ్‌కి రాసినంత పెట్టించండి. ఇంతా చేసి అక్కడ పోగొట్టుకోకండి.

పాలమూరు పిస్టన్ | మహబూబ్‌నగర్

ఇక పైన ఇంకా పవర్ కావాలనిపిస్తే ఈ బండి మీద ఖర్చు పెట్టకండి, బండినే మార్చండి. నాలుగు సిలిండర్లే కావాలంటే పాత పోలో 1.2 టీఎస్ఐ ఉంది, 105 పీఎస్, 175 న్యూటన్ మీటర్లు, కాకపోతే దాని ఆటోమేటిక్ గేర్‌బాక్స్ బాగుందో లేదో తెలిసినవాళ్లతో చూపించాకే బేరం. డీజిల్ అయితే మారుతిలో 2020లో బీఎస్6 కాలుష్య నిబంధనలతో ఆగిపోయాయి, పాతవే. కొత్త స్విఫ్ట్ మూడు సిలిండర్లకు మారింది, 82 పీఎస్, పికప్ కోసం దానికి మారడంలో అర్థం లేదు.

పానగల్లు స్విఫ్ట్ | నల్గొండ

ఇప్పటికి ఇది చాలు సార్. పిల్లల ఫీజులున్నాయి.

కొత్తకోట కుర్రోడు | వనపర్తి జిల్లా

అన్నా, ఆ 16 అంగుళాల అల్లాయ్స్ ఏం చేసినవ్? అమ్ముతావా?

స్పానర్ మామ | సూర్యాపేట

ఇంత చదివినంక కూడానా?

కొత్తకోట కుర్రోడు | వనపర్తి జిల్లా

లుక్కు మామా, లుక్కు. ఐ20కి బోల్టులు కుదురుతాయా?

స్పానర్ మామ | సూర్యాపేట

కుదురుతాయి, రెండింటికీ 4×100 ఏ (నాలుగు బోల్టులు, 100 మిల్లీమీటర్ల చుట్టు మీద). ఆఫ్‌సెట్ (రిమ్ము ఎంత లోపలికి కూర్చుంటుందో) చూసుకో, లోపల సస్పెన్షన్‌కు రాసుకుంటుందేమో ఒకసారి తిప్పి చూడకుండా డబ్బులివ్వకు.